'కడుపు చల్లగా' అనలేని చోట

మన దినపత్రికల జిల్లా పేజీల్లో కొన్నేళ్ళుగా ఒక వార్త స్థిరమైన రూపం తీసుకుంది. రోడ్డు ప్రమాదం, నాలుగు రోజుల ఐసీయూ, బ్రెయిన్‌డెడ్ అని వైద్యుల నిర్ధారణ, 'కుటుంబ సభ్యుల' అంగీకారం, గ్రీన్ ఛానెల్, అంబులెన్స్ ఎన్ని నిమిషాల్లో ఎన్ని కిలోమీటర్లు పరిగెత్తిందన్న లెక్క, చివరికి ఎంతమందికి ప్రాణం పోశాడన్న అంకె. శీర్షికలో 'మరణించినా', 'సజీవుడు', 'అమరుడు' అన్న మాటల్లో ఏదో ఒకటి తప్పదు. ఈ వార్తను ఒక సాహిత్య ప్రక్రియగా చదివి చూడాలని నాకు చాలాకాలంగా ఉంది. కావ్యానికి ఉన్నట్టే దీనికీ లక్షణాలున్నాయి. నాయకుడున్నాడు, ప్రయాణముంది, ఫలశ్రుతి కూడా ఉంది. లేనిదల్లా ఆ 'సరే' అన్న మాట ఎవరి నోటి నుంచి, ఎలా వచ్చిందన్నదే.

ఎవరి నోటి నుంచో చెప్పడానికి అంకెలు కొంత సాయపడతాయి. జాతీయ అవయవ మార్పిడి సంస్థ నోటో లెక్కల ప్రకారం 2023లో దేశం మొత్తం మీద మరణానంతరం అవయవాలిచ్చిన వారిలో పురుషులు 844 మంది, స్త్రీలు 255 మంది. రోడ్లమీద ఎక్కువగా చనిపోతున్నది మగవాళ్ళు గనక ఇందులో ఆశ్చర్యం లేదు. కాని ఆ 844 మంది వెనక ఐసీయూ బయట బెంచీ మీద కూర్చున్నది ఎవరు? చాలాసార్లు ఒక తల్లి, లేదా అప్పుడే వితంతువు కాబోతున్న ఒక భార్య. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం దగ్గరి బంధువు సమ్మతి కావాలంటుంది. ఆ బంధువుల జాబితా భార్యాభర్తలతోనే మొదలవుతుంది. నలుగురు వైద్యుల బృందం ఆరు గంటల ఎడంతో రెండుసార్లు పరీక్షలు చేసి మెదడు మరణాన్ని ధ్రువపరుస్తుంది. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, ఒళ్ళు వెచ్చగానే ఉంటుంది. ఆ వెచ్చటి చెయ్యి పట్టుకుని 'పోయాడు' అని ఒప్పుకుని, ఆ వెంటనే 'తీసుకోండి' అనాలి. ఇంత పనిని మన వార్త 'కుటుంబ సభ్యులు పెద్దమనసుతో అంగీకరించారు' అన్న ఒక్క వాక్యంలో దాటేస్తుంది. కుటుంబం అనే మాట మన భాషలో ఎంతమంది ఆడవాళ్ళను మింగిందో స్త్రీవాదులకు కొత్తగా చెప్పక్కర్లేదు.

ఈ వార్తలో మరో అసమానత ఉంది. అవయవాలు ఇచ్చినవాళ్ళ ఊరు, పేరు, ఫొటో, ఒక్కోసారి భార్య ఏడుస్తున్న ఫొటో కూడా అచ్చవుతాయి. పుచ్చుకున్నవాళ్ళు మాత్రం 'ఒక రోగి' మాత్రమే. ఇరువైపుల వివరాలు ఒకరికొకరికి చెప్పకూడదన్నది వైద్యరంగపు రివాజు, మంచి రివాజే. కాని ఆచరణలో తెర ఒకవైపే దిగుతోంది. పుచ్చుకున్నవాళ్ళు తలుచుకుంటే ఇచ్చినవాళ్ళెవరో పేపరు చూసి పోల్చుకోగలరు. ఇచ్చినవాళ్ళకి ఆ దారి లేదు. కాబట్టి కృతజ్ఞత చెప్పాల్సిన బాధ్యతా, చెప్పే అవకాశమూ ఒకవైపే ఉన్నాయి. అయినా చెప్పేవాళ్ళు తక్కువ. ఎందుకన్నదే నా ప్రశ్న. భయం, మొహమాటం, డబ్బేమైనా అడుగుతారేమోనన్న అనుమానం అన్నీ నిజమే. వాటికన్నా మొదటి కారణం భాషలోనే ఉందని నాకనిపిస్తోంది.

సన్మాన సభల భాషను చూడండి. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో జీవన్‌దాన్ మొదలైన దగ్గర్నుంచీ దాతల కుటుంబాలకు శాలువాలు కప్పే సభలు మనకు అలవాటయ్యాయి. వేదిక మీద తప్పకుండా దధీచి వస్తాడు, శిబి వస్తాడు, కవచకుండలాలతో కర్ణుడు వస్తాడు. ముగ్గురూ తమ ఒంట్లోంచి తామే ఇచ్చారు. ఎదురుగా ముందువరసలో కూర్చున్న తల్లి తన ఒంట్లోంచి ఏమీ ఇవ్వలేదు. ఒకప్పుడు తన ఒంట్లోంచే వచ్చినా ఇప్పుడు తనది కాని శరీరాన్ని ఇచ్చింది. ఆ ఇవ్వడం శిబి ఇవ్వడం లాంటిది కాదు. ఆమెకు దగ్గరి కథ మన సాహిత్యంలో ఉంది గాని దాన్ని ఎవరూ వేదికెక్కించరు. శ్రీనాథుడి హరవిలాసంలో చిరుతొండనంబి కథ. శివుడు జంగమ రూపంలో వచ్చి నరమాంసం అడిగితే తల్లిదండ్రులు కన్నకొడుకు సిరియాళుణ్ణి కోసి వండి పెడతారు. సిరియాళుడి పేరు తెలిసినంతగా, అతణ్ణి వండిన తల్లి పేరు మనలో ఎంతమందికి గుర్తుంది? ఆ కథలో చివరికి 'కొడుకుని పిలవండి' అంటాడు దేవుడు, వాడు పరిగెత్తుకుంటూ వస్తాడు. ఇచ్చింది తిరిగిరావడమే ఆ కథకు కృతజ్ఞత. ఐసీయూ తల్లికి ఆ ముగింపు లేదు. అయినా మనం ఆమెకు ఆ ముగింపునే అంటగడుతున్నాం. 'మీ అబ్బాయి ఎక్కడికీ పోలేదమ్మా, ఐదుగురిలో బతికే ఉన్నాడు' అంటాం. అది ఓదార్పే కావచ్చు, ఆమె తనంతట తాను అనుకుంటే. ఇతరులు అన్నప్పుడు మాత్రం 'ఇంక ఏడవద్దు' అనే అర్థం దానికి వచ్చేస్తుంది.

'జీవన్మృతి' అన్న మాట కూడా గమనించండి. బ్రెయిన్‌డెడ్‌కి మన పత్రికలు వాడుతున్న తెలుగు ఇది. పాత సంస్కరణ సాహిత్యం వితంతువును జీవచ్ఛవం అంది. ఒకే గదిలో మంచం మీద ఒక జీవన్మృతుడు, పక్కన ఒక జీవచ్ఛవం. భాష తెలియకుండా చేసే పనులు ఇలా ఉంటాయి.

ఇదంతా నాకు ఒక ఉత్తరం దగ్గర పట్టుబడింది. మా మేనత్త కూతురు, నాకు వదిన, పెద్దాపురంలో ఉంటుంది. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. రెండు కిడ్నీలూ పోయి మూడేళ్ళపాటు వారానికి మూడుసార్లు సామర్లకోట మీదుగా కాకినాడ వెళ్ళి డయాలసిస్ చేయించుకుంది. తర్వాత విశాఖలో ఒక ఆసుపత్రిలో, మరణించిన దాత కిడ్నీ ఆమెకు పెట్టారు. ఆర్నెల్లు గడిచాక నాకు ఫోన్ చేసి, "నువ్వు తెలుగు పాఠం చెప్పే మనిషివి కదే, ఆళ్ళకి ఉత్తరం రాద్దారనుంది, ఏవని మొదలెట్టమంటావ్" అని అడిగింది. పేర్లు లేకుండా రాసిస్తే అందజేస్తామని అక్కడి కోఆర్డినేటర్ చెప్పిందట. ఎవరికి చేరుతుందో వదినకు తెలియదు. కాని పేపర్లో వచ్చింది చూసింది. కుర్రాడు, పెళ్ళయినవాడు, చంటిపిల్ల.

నేను వెళ్ళేసరికి ఆషాఢం, మరిడమ్మ జాతర రోజులు. ఊరంతా గరగల మోత. ఆమె అప్పటికే నాలుగు చిత్తుప్రతులు రాసి చింపేసింది. చింపిన కాగితాలు మిషన్ సొరుగులో ఉన్నాయి. విమర్శకురాలిగా నేను చదివిన మంచి పాఠాల్లో అవీ ఉన్నాయని నిస్సంకోచంగా చెప్పగలను.

మొదటిది 'మీ కడుపు చల్లగా ఉండాలి' అని మొదలై అక్కడే ఆగిపోయింది. తెలుగు ఆడవాళ్ళకు కృతజ్ఞత చెప్పడం రాదంటే నేనొప్పుకోను. ధన్యవాదాలు, కృతజ్ఞతలు అనేవి మైకు ముందు పుట్టిన మాటలు. మన ఇళ్ళలో మేలు చేసినవాళ్ళకి మనం దీవెన ఇస్తాం. నీ కడుపు చల్లగా. నీ పిల్లలు నూరేళ్ళు బతకాలి. పసుపు కుంకుమలతో పదికాలాలు ఉండు. ఈ దీవెనలన్నిటికీ పెట్టుబడి ఇచ్చిన స్త్రీ కొడుకు, మొగుడు. వాళ్ళు బతికి ఉన్నారన్న నమ్మకం మీదే ఈ భాష నడుస్తుంది. ఆ ఇద్దరిలో ఒకడు పోవడం వల్లే మేలు జరిగిన చోట, ఈ మాటల్లో ఏది పలికినా అది తిట్టే అవుతుంది. పితృస్వామ్యం మన ఆశీర్వాదాలను కూడా మగవాడి ఆయుష్షుతో కట్టేసిందని మనకు తెలుసు. ఆ కట్టు ఇంత బిగుతుగా ఉందని నాకు ఆ సగం వాక్యం చూసినప్పుడే అర్థమైంది.

రెండో ప్రతిలో ఆమె మగవాళ్ళ భాష అరువు తెచ్చుకుంది. 'నా చర్మం వలిచి చెప్పులు కుట్టించి ఇచ్చినా మీ రుణం తీరదు.' సినిమాల్లో ఎన్నిసార్లు విన్నామో. కాని నిజంగానే ఒక శరీరాన్ని కోసి ఇచ్చిన ఇంటికి ఈ మాట రాస్తే ఎలా ఉంటుంది? అతిశయోక్తి అలంకారం వాచ్యార్థాన్ని గుద్దుకుని పడిపోయింది. వదిన ఆ వాక్యం మీద అడ్డంగా గీత కొట్టి పక్కన 'ఛీ' అని రాసుకుంది. అంతకన్నా మంచి విమర్శ నేను చెయ్యలేను.

మూడోది మొక్కు భాష. మరిడమ్మకి చీర పెట్టాను, మీ పేరున దీపం పెట్టాను అని. ఇందులో కొంత దారి ఉంది. మొక్కుకు జవాబు అక్కర్లేదు, దేవతకి మన ఆశీర్వాదమూ అక్కర్లేదు. కాని మనిషిని దేవతను చేస్తే, ఆమె నొప్పి అడగనక్కర్లేని స్థితి వచ్చేస్తుంది. పత్రికలు చేస్తున్నదీ అదే. నాలుగోది 'అమ్మా' అని మొదలైంది. అది చింపడానికి కారణం వదినే చెప్పింది: "అమ్మా అంటే నన్ను ఆవిడ కొడుకు జాగాలో కూచోబెట్టుకున్నట్టు కాదా. ఆవిడ పిలవాలి గాని నేనెలా కూచుంటాను."

ఇదే ప్రశ్న చుట్టూ బయటి దేశాల్లో పెద్ద చర్చ నడిచింది. మార్సెల్ మాస్ 1925లో దానం గురించి రాస్తూ ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం మూడూ బాధ్యతలేనన్నాడు. మూడోది అసాధ్యమైన చోట పుచ్చుకున్నవాడు ఎలా నలిగిపోతాడో అమెరికాలో రెనే ఫాక్స్, జూడిత్ స్వేజీ అనే ఇద్దరు స్త్రీలు దశాబ్దాలపాటు అవయవ మార్పిడి వార్డుల్లో చూసి, దాన్ని దానం చేసే దౌర్జన్యంగా వర్ణించారు. వాళ్ళ 'స్పేర్ పార్ట్స్' 1992లో వచ్చింది. లెస్లీ షార్ప్ 2006 నాటి 'స్ట్రేంజ్ హార్వెస్ట్'లో ఇంకో వైపు చూసింది. పోయిన పిల్లల పేర్లు చెప్పుకోనివ్వని వ్యవస్థ మీద దాతల కుటుంబాలు, అందులోనూ తల్లులు, ఎలా తిరగబడ్డారో, పుచ్చుకున్నవాళ్ళతో కొత్త చుట్టరికాలు ఎలా కలుపుకున్నారో రాసింది. వదిన భయపడిన 'కొడుకు జాగా' అక్కడ కొందరు తల్లులు తామే ఇచ్చారన్నమాట. ఇవ్వడం, కూర్చోవడం ఒకటి కాదన్న వదిన తేడా మాత్రం నాకు ఇంకా సున్నితంగా కనిపిస్తుంది.

ఫ్రెంచి తత్వవేత్త జాన్ లుక్ నాన్సీ తన గుండె మార్పిడి మీద 2000లో రాసిన 'చొరబాటుదారు' చాలా గొప్ప వ్యాసమని అందరూ అంటారు. గొప్పదే. కాని దాన్ని వదిన చిత్తుప్రతుల పక్కన పెట్టి చదివితే అందులో ఇచ్చినవాళ్ళ ఇల్లు కనిపించదు. అసలు పరాయితనం శరీరపు నిరోధక శక్తిదేనని ఆయన తేల్చేస్తాడు. ఆ గుండె వెనకున్న మనిషి ఆడా మగా, నలుపా తెలుపా అన్నది ఆయన తాత్విక ప్రయాణంలో వెంటనే పక్కకు తప్పుకుంటుంది. తనలోకి తాను చూసుకునే తీరిక మగ తత్వానికి ఎప్పుడూ ఉంటుంది. మెయిలిస్ ద కెరాంగల్ 2014 నాటి నవల ఇందుకు భిన్నం. ఒక కుర్రాడి గుండె ఒక్క రోజులో ఒక శరీరం నుంచి ఇంకో శరీరానికి చేరే కథ అది. గుండె అందుకునే క్లేర్ యాభై ఒక్కేళ్ళ అనువాదకురాలు. తనకిచ్చినవాళ్ళకు ఎప్పటికీ థాంక్స్ చెప్పలేనన్న సంగతి ఆమెను ఆపరేషన్ కన్నా ఎక్కువ కలవరపెడుతుంది. ఫ్రాన్సులో దాత వివరాలు చెప్పరు మరి. కాని ఆ నవలలో నన్ను ఎక్కువసేపు ఆపింది కుర్రాడి తల్లి మరియాన్. 'సరే' అన్న ఆ మాట దగ్గరకు ఆమె చేరడానికి రచయిత్రి పేజీలకు పేజీలు ఇచ్చింది. మన వార్త ఒక్క వాక్యంలో దాటేసేది సరిగ్గా అదే.

తెలుగులో ఈ చోటు ఖాళీగా ఉంది. ఓల్గా 'రాజకీయ కథలు' స్త్రీ శరీరంలో ఒక్కో భాగం చుట్టూ ఎంత రాజకీయం ఉందో చూపించాక, అదే 1993లో 'నీలి మేఘాలు' వచ్చాక, శరీరం గురించి రాయడం మనకు కొత్త కాదు. కాని శరీరం ఒకరి నుంచి ఒకరికి వెళ్ళే ఈ కొత్త దారిలో ఆడవాళ్ళు ఎక్కడ నిలబడ్డారో మనం ఇంకా సరిగ్గా రాయలేదు. చిన్న చోటు కూడా కాదిది. నోటో లెక్కల్లోనే 2019 నుంచి 2023 దాకా బతికుండి అవయవాలిచ్చిన 56,509 మందిలో 36,038 మంది స్త్రీలు. ఆ అయిదేళ్ళలో అవయవాలు అందుకున్నవాళ్ళలో పురుషులు 39,447 మంది, స్త్రీలు 17,041 మంది. తేడా ఎక్కడ పుట్టిందో వదిన ఇంట్లోనే చూశాను. ఆమెకు కిడ్నీలు పోయినప్పుడు అన్న ఇస్తానన్నాడు, రక్తం గ్రూపు కుదరలేదు. తల్లికి షుగరు. భర్త ఇస్తాననలేదు. నన్ను తొలిచేది ఆయన అనకపోవడం కాదు, ఆయన్ని ఎవరూ అడగకపోవడం. జబ్బు ఆయనకొచ్చి ఉంటే చూపులన్నీ ఎవరివైపు తిరిగేవో మనకు తెలుసు. అలా ఇచ్చిన భార్యకి ఏ ఉత్తరమూ రాదు. ఇంట్లోవాళ్ళకి థాంక్స్ ఏమిటి అంటాం. పరాయి ఇంటి వితంతువుకు చెప్పడానికి మాట దొరకదు, సొంత ఇంటి భార్యకు చెప్పాలన్న ఊహే రాదు.

ప్రభుత్వాలు ఈమధ్య కొంత కదిలాయి. దాతల అంత్యక్రియలు ప్రభుత్వ లాంఛనాలతో జరుపుతామని తమిళనాడు 2023 సెప్టెంబరులో ప్రకటించింది. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ కూడా అదే దారి పట్టింది. పూలదండ, గౌరవ వందనం, కలెక్టరు లేదా ఆయన ప్రతినిధి. తప్పుపట్టను, శవం పక్కన ఒంటరిగా నిలబడటం కన్నా మేలే. కాని ఆ లాంఛనాలన్నీ పోయినవాడికే. ఆ మర్నాటి నుంచి అతని భార్య ఎదురొస్తే శకునం బాగాలేదనుకునే వీధే ఉంటుంది. 2025 ఆగస్టులో నోటో ఇచ్చిన సూచనల్లో ఎదురుచూపుల జాబితాలో స్త్రీలకూ, మరణించిన దాతల దగ్గరి బంధువులకూ ప్రాధాన్యం ఇవ్వాలన్న మాట ఉంది. శాలువా కన్నా నాకు ఇది నిజమైన కృతజ్ఞతగా తోస్తుంది. అవసరం వస్తే ఆ తల్లికి, ఆ భార్యకి పనికొచ్చే మాట అది. ఎన్ని చోట్ల అమలవుతుందో చూడాలి.

ఉత్తరం సంగతి చెప్పాలి. అయిదో ప్రతి మేమిద్దరం కూర్చుని మాట్లాడుకుంటుండగా తయారైంది. అసలు నీకు ఏం చెప్పాలనుంది అని అడిగితే వదిన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత సిగ్గుపడుతూ, "ఒంటేలు వచ్చిందని చెప్పాలనుందే" అంది. మూడేళ్ళు ఆమెకు మూత్రం సరిగ్గా లేదు. రోజుకు ఎన్ని గుక్కల నీళ్ళో కొలుచుకుని తాగింది. ఎండాకాలంలో ఐసుముక్క బుగ్గన పెట్టుకుని సరిపెట్టుకుంది. ఆపరేషనయ్యాక సంచీలోకి మూత్రం దిగుతుంటే నర్సు చూపించిందట, ఆమె ఏడ్చేసిందట. "అలాంటివి రాస్తారా ఎవరైనా, బాగోదు కదా" అంది. రాయమన్నాను. ఆమె వద్దంది. చాలాసేపు వాదించుకున్నాం. పునర్జన్మ, ప్రాణదాత, అమరుడు లాంటి మాటలన్నీ ఎవరికైనా సరిపోతాయి, అందుకే ఎవరికీ చెందవు. ఆ కుర్రాడి కిడ్నీ నిజంగా చేసిన పని మాత్రం ఇదే. అతని భార్య తీసుకున్న నిర్ణయం ఎక్కడికి చేరిందో చెప్పే వాక్యం ఇంకోటి లేదు. ఆడదాని శరీరం గురించి అచ్చులో ఏమేం రాయకూడదో చెప్పిన సభ్యతే ఈ వాక్యాన్ని కూడా అడ్డుకుంటోందని నేనన్నాను. వదినకి నా సిద్ధాంతం ఎక్కలేదు. "ఆవిడకి అర్థవవుతాదిలే, పిల్లతల్లి కదా" అని తనే ఒప్పుకుంది.

సంబోధన దగ్గర మళ్ళీ ఆగాం. అమ్మా కాదు, అక్కా కాదు, చెల్లీ కాదు. చుట్టరికం లేని సంబోధన తెలుగు ఉత్తరంలో బోసిగా ఉంటుంది. చివరికి 'సంతకం పెట్టినవారికి' అని రాసింది. కింద తన పేరు రాయకూడదు కనక 'జాకెట్లు కుట్టుకునే మనిషి' అని పెట్టింది. మధ్యలో పది వాక్యాలున్నాయి. నీళ్ళు తాగుతున్నానని, ఒంటేలు వచ్చిందని, రోజూ రెండు పూటలా టైము తప్పకుండా మందులు వేసుకుంటున్నానని, మీరు ఇచ్చినదాన్ని పాడుచెయ్యనని. మీ బాధ నాకు తెలుసు అని ఎక్కడా లేదు. మీ ఆయన నాలో ఉన్నాడని లేదు. దేవుడి పేరు లేదు. జవాబు రాయమని అడగలేదు.

ఉత్తరం కోఆర్డినేటర్ చేతికిచ్చి రెండేళ్ళు దాటింది. జవాబు రాలేదు. అది చేరిందో లేదో, చేరితే ఆమె తెరిచిందో లేదో వదిన అడగలేదు. ఈ ఏడు మళ్ళీ రాస్తానంటోంది. చంటిపిల్లకి నాలుగో ఏడు వచ్చుంటుంది, బళ్ళో వేస్తారు కదా అంది. ఆ సంగతి రాయొచ్చా కూడదా అని ఆలోచిస్తోంది. ఈసారి రాసింది నాకు చూపించనంది.